పొగ రాని గొట్టం

సంక్రాంతికి అక్కావాళ్ల ఊరు వెళ్తూ, రాజమండ్రి దాటాక వేమగిరిలో కారు ఆపించాను. గ్యాస్ పవర్ ప్లాంటును దగ్గరగా చూడాలని ఎప్పటినుంచో సరదా. లోపలికి వెళ్లే వీలు లేదు కాబట్టి బయటే నిలబడ్డాం. ఎత్తైన గొట్టం, పైన పొగ జాడ లేదు. బూడిద లేదు, బొగ్గు గుట్టలు లేవు.

"ఎంత శుభ్రంగా ఉందో!" అన్నాను.

"పొగ లేదని మురిసిపోకు బావా, అసలు మిషనే నడవకపోతే పొగెక్కడిది?" అని నవ్వాడు బావ. ఆయన ఇలాంటి ప్లాంట్లలోనే పనిచేసి రిటైరయ్యాడు.

2009లో కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో, సముద్రం అడుగునున్న డీ6 బావుల నుంచి గ్యాస్ వచ్చినప్పుడు గోదావరి జిల్లాల్లో ఎంత హడావుడో! రెండేళ్లు తిరక్కుండానే ఉత్పత్తి పడిపోయింది. గ్యాస్‌ను నమ్ముకుని కట్టిన ప్లాంట్లు ఉత్తినే కూర్చున్నాయి. సామర్లకోటలో 2,400 మెగావాట్లకు కట్టింది మొదలే కాలేదు. వాటి కరెంటు లోటు తీర్చింది చాలావరకు బొగ్గే.

నడిచినా పొగ కంటికి కనిపించేది కాదట. గ్యాస్ మండి, విమానం ఇంజిన్ లాంటి టర్బైన్ తిరుగుతుంది. దాన్నుంచి వచ్చే వేడిగాలితో నీళ్లు మరిగించి, ఆ ఆవిరితో ఇంకో టర్బైన్ తిప్పుతారు. ఒకే గ్యాస్, రెండుసార్లు పని. అందుకే యూనిట్‌కు 400 గ్రాముల చిల్లర కార్బన్ డయాక్సైడ్‌తో సరిపోతుంది. బొగ్గయితే కిలో దాకా. ఫోన్ తీసి లెక్కేశాను: 100 మెగావాట్లు గంట నడిస్తే లక్ష యూనిట్లు, 40 టన్నులు. రంగూ వాసనా లేకుండా గంటకు రెండు మూడు లారీల బరువు గాల్లో కలిసిపోతుంది!

"ఇదీ గొట్టం దగ్గరి లెక్కే. బావి నుంచి ఇక్కడికి వచ్చే దారిలో లీకైందానికి లెక్కెవరు రాస్తారు?" అన్నాడు బావ. గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేనే. ఇరవై ఏళ్ల మీద చూస్తే, అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే అది ఎనభై రెట్లు వేడిని గాల్లో పట్టి ఉంచుతుంది. నూటికి మూడు నాలుగు పాళ్లు దారిలో పోతే బొగ్గు కంటే మేలన్న మాటకు పెద్దగా అర్థం ఉండదు.

కడియపులంకలో అక్కకు రెండు గులాబీ మొక్కలు కొన్నాం. రావులపాలెం వంతెన మీద ట్రాఫిక్‌లో గంట పోయింది. పాశర్లపూడి దాటేటప్పుడు బావ కారు నెమ్మది చేశాడు. 1995 జనవరిలో అక్కడి బావి అంటుకుని 65 రోజులు మండింది. ఆ గ్యాసంతా ఏ కరెంటు లెక్కలోకీ రాలేదు. ఇప్పుడు దారి పొడవునా కొబ్బరి చెట్లే.

రాత్రి నగరం అనే పల్లె దగ్గర్లోని అక్కావాళ్లింట్లో పడుకున్నాం. 2014 జూన్‌లో తెల్లవారుజామున గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయిన ఊరే ఆ నగరం. పొద్దున్నే లేచి చూస్తే వంటింట్లో అత్తయ్య. ముందు కిటికీ రెండు రెక్కలూ తీసింది, వంగి సిలిండర్ దగ్గర వాసన చూసింది.

"కాఫీ ఆలస్యమైతే ఏమీ అనుకోకు బాబూ," అని కాసేపు అలాగే నిలబడి, అప్పుడు అగ్గిపుల్ల గీసింది.