ఇంజిన్ తిరుగుతోంది, రాడ్డు అంటుకోవట్లేదు

సౌదీలోని జుబైల్‌లో వెల్డర్ హెల్పర్‌గా చేరిన మొదటి చలికాలం అది. యార్డు మూలన ఎర్ర రంగు లింకన్ కంపెనీ డీజిల్ వెల్డింగ్ మిషన్ ఒకటి ఎనిమిది నెలలుగా కదలకుండా ఉంది, మూత మీద వేలు పెడితే గీత పడేంత ఇసుక. పైపు పనికి మిషన్లు చాలక ఫోర్‌మన్ దాన్ని లేపమన్నాడు. కోరుట్ల దగ్గర మా ఊళ్లో డీజిల్ ఇంజిన్లు విప్పి బిగించినవాణ్ని, నేను చేస్తానన్నాను.

బ్యాటరీ టెర్మినల్స్‌కి పట్టిన తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగి సెల్ఫ్ కొట్టాను. ఇంజిన్ తిరుగుతోంది కానీ అందుకోవట్లేదు. ఫోర్‌మన్ చూస్తున్నాడన్న టెన్షన్‌లో సెల్ఫ్ వదల్లేదు. అప్పుడు వెనక నుంచి ఖాన్ సాబ్ అరిచాడు. పెషావర్ వైపు మనిషి, అరవై దగ్గర పడ్డ మెకానిక్. "బేటా, పది సెకన్లు కొట్టు, అర నిమిషం ఆగు. మోటారు కాలిపోతుంది."

ట్యాంకు ఎండిపోయి లైనులో గాలి చేరింది. కొత్త డీజిల్ పోసి, ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, పంపు పక్కనున్న చిన్న లివర్‌ని చేత్తో కొడుతూ ఉంటే ముందు నురగ వస్తుంది. బుడగ లేని డీజిల్ వచ్చేదాకా కొట్టాలి, అప్పుడే స్క్రూ బిగించాలి. తర్వాత ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల దగ్గర నట్లు కాస్త వదిలి సెల్ఫ్ కొట్టి, డీజిల్ రాగానే ఒక్కొక్కటీ బిగించాం. అక్కడ చెయ్యి అడ్డం పెట్టనివ్వలేదు ఆయన, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగిపోతుందని. తెల్లపొగ ఊదుకుంటూ ఇంజిన్ లేచింది. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి, నిజంగా.

కానీ 7018 రకం వెల్డింగ్ రాడ్డు పట్టుకుని గీస్తే నిప్పురవ్వ కూడా లేదు!

ఇక్కడే మిషన్‌ని స్క్రాప్‌కి పంపేసేవాళ్లూ ఉంటారు. ఖాన్ సాబ్ ఇంజిన్ ఆపించి, అది తిప్పితే వెల్డింగ్ కరెంటు పుట్టించే జనరేటర్ వెనక కవర్ తీశాడు. తిరిగే భాగం నుంచి కరెంటు అందుకునే కార్బన్ బ్రష్‌లు దుమ్ముకి, సముద్రపు తేమకి హోల్డర్లలోనే ఇరుక్కున్నాయి, అవి ఆనే రాగి భాగం నల్లబడింది. సన్న గరుకు కాగితంతో రుద్దమన్నాడు, ఎమరీ వద్దన్నాడు. ఎమరీ పొడిలోంచి కరెంటు పారుతుందట. రుద్దాం, గాలి కొట్టాం. అయినా రాలేదు.

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఈ జనరేటర్ కరెంటు పుట్టించడం మొదలుపెట్టాలంటే లోపలి ఇనుములో కాస్తయినా అయస్కాంతం మిగిలి ఉండాలి, ఆ కాస్త నుంచే అది పెంచుకుంటూ పోతుంది. ఎక్కువకాలం ఊరికే ఉంటే ఆ కాస్తా పోవచ్చు. పాడైపోవడం కాదు అది, మళ్లీ ఎక్కించాలి అంతే. చివరన ఎక్సైటర్ అని చిన్న జనరేటర్ ఉంటుంది. ఇంజిన్ ఆపే ఉంచి, దాని బ్రష్‌లు పైకెత్తి, 12 వోల్టుల బ్యాటరీ నుంచి బ్రష్ హోల్డర్లకి, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ వైరు తాకించి ఐదు అంకెలు లెక్కపెట్టాడు. ఉల్టా తాకిస్తే ఏమవుతుందని అడిగాను. "కరెంటూ ఉల్టా వస్తుంది."

బ్రష్‌లు దించి స్టార్ట్ చేసి, కాసేపు వేడెక్కనిచ్చి ఫుల్ స్పీడ్ పెట్టాం. ఈసారి రాడ్డు గీయగానే ఆర్క్ పడింది.

ఆ నెల నుంచి పొద్దున్నే మిషన్లన్నీ స్టార్ట్ చేసే పని నాకే ఇచ్చారు. 900 రియాళ్ల జీతం వెంటనే పెరగలేదు గానీ, మనిషిగా గుర్తుపట్టడం మొదలైంది. దేశం కాని దేశంలో అది చిన్న విషయం కాదు, ఏజెంటుకి అప్పు చేసి డబ్బు కట్టి వచ్చినవాడికి అసలే కాదు.

ఆయనకి తెలుగు రాదు, నాకు ఉర్దూ చదవడం రాదు. అందుకని మార్కింగ్ సుద్దతో కవర్ లోపలి వైపు రెండు బ్రష్ హోల్డర్ల బొమ్మ గీసి ప్లస్, మైనస్ పెట్టి చూపించాడు. రెండేళ్లకి ఆయన ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఉద్యోగం ముగించుకుని పూర్తిగా, ఇంటికెళ్లిపోయాడు. సుద్ద చెరిగిపోతుందని ఆ గీతల మీదే నేను తెల్ల పెయింట్ మార్కర్‌తో దిద్దాను.