ఫారం విభాగంలో నన్ను గట్టెక్కించినది టైపింగ్ వేగం కాదు

కంప్యూటర్ నైపుణ్య పరీక్ష ఫలితాలు వచ్చినప్పటి నుంచి, ఆన్‌లైన్ ఫారం నింపే విభాగంలో మంచి మార్కులు ఎలా వచ్చాయని తోటి అభ్యర్థులు అడుగుతున్నారు కనుక ఇది రాస్తున్నాను. సిలబస్, మార్కుల విభజన మీకు తెలిసినవే. టైపింగ్ వేగం సాధనతో వస్తుంది, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

వేగం బాగానే ఉన్నా, మాక్ టెస్టుల్లో నా ఫారం సమయానికి పూర్తయ్యేది కాదు. గమనించి చూస్తే, గడి గడికీ చెయ్యి కీబోర్డును వదిలి మౌస్ మీదికి వెళ్లిరావడంలోనే కాలం కరిగిపోతోందని తేలింది. దాంతో మౌస్ పక్కన పెట్టేశాను. అప్పుడు కొత్త చిక్కు వచ్చిపడింది: తరువాతి గడికి తీసుకెళ్లే ట్యాబ్ కీ నొక్కుతూ పోతుంటే రేడియో బటన్ల (ఒక్కటే ఎంచుకోగల గుండ్రటి బటన్ల) దగ్గర రెండో ఐచ్ఛికానికి వెళ్లకుండా, ఏకంగా తరువాతి ప్రశ్నకు దూకేది. ఆ బటన్ల గుంపంతా ట్యాబ్‌కు ఒకే మజిలీ అనీ, గుంపు లోపల తిరగడానికి బాణం కీలు వాడాలనీ, చెక్‌బాక్సులు మాత్రం దేనికది వేరే మజిలీ అనీ, వాటికి టిక్ పెట్టాలన్నా తీయాలన్నా స్పేస్‌బారే నొక్కాలనీ తెలిసిన రోజున నా అసలు ప్రిపరేషన్ మొదలైంది. కీ ఏం చేస్తుందన్నది ఆ క్షణంలో ఫోకస్, అంటే కీబోర్డు నొక్కుళ్లు అందుకునే గడి లేదా బటన్, ఎక్కడుందన్న దాన్ని బట్టే ఉంటుంది.

ఎంటర్‌నే తీసుకోండి. ఒకే వరుస ఉన్న గడిలో నొక్కితే సాధారణంగా ఫారం సబ్మిట్ అయిపోతుంది. చిరునామా రాసే పెద్ద పెట్టెలో నొక్కితే కొత్త వరుస వస్తుంది. బటన్ మీద ఎంటర్ నొక్కీ నొక్కగానే పనిచేస్తుంది, స్పేస్‌బార్ మాత్రం వేలు పైకి తీసినప్పుడే పనిచేస్తుంది. సరైన బటన్ మీదే ఉన్నానా అని చూసుకోవడానికి దొరికే ఆ లిప్తపాటు వ్యవధి కోసమే నేను సబ్మిట్‌ను ఎప్పుడూ స్పేస్‌బార్‌తోనే నొక్కేవాడిని.

మిగతావి చిన్నవే. వెనక్కి రావడానికి షిఫ్ట్ ట్యాబ్, డ్రాప్‌డౌన్ జాబితాలో కావలసిన పేరు మొదటి అక్షరాలు టైపు చేయడం చాలు. బ్యాక్‌స్పేస్‌తో పాత పేజీకి వెళ్లిపోతారన్న హెచ్చరిక ఇంకా కొన్ని నోట్సుల్లో ఉంది గానీ, క్రోమ్ 2016లోనే దాన్ని తీసేసింది.

షార్ట్‌కట్లు సోమరుల దారి అన్నవారూ ఉన్నారు. రోజూ అదే ఫారాన్ని మౌస్ ముట్టకుండా మొదటి నుంచి చివరి దాకా నింపి, తుడిచి, మళ్లీ నింపడంలో సోమరితనం ఎక్కడుందో వారే చెప్పాలి. అంత ఓపిక లేనివారు కనీసం సబ్మిట్ పక్కనే ఉండే రీసెట్ బటన్ మీద ఫోకస్ లేదని చూసుకున్నాకే నొక్కండి. అది చెరిపినదాన్ని కంట్రోల్ జెడ్ తిరిగి తెస్తుందని నమ్ముకోవద్దు.