ఉప్పాడకు పిఠాపురం మీదుగా

కాకినాడ నుంచి బీచ్ రోడ్డున ఉప్పాడ వెళ్లి జాందానీ చీర కొనాలనుకున్నాను. అల్పపీడనం వల్ల ఆ దారి మూసేశారట. పిఠాపురం చుట్టూ తిరిగి వెళ్లాలని ఆటో అతను రెట్టింపు అడిగాడు, రూపాయి తగ్గలేదు. ఆ చిరాకు సముద్రాన్ని చూసేదాకా పోలేదు.

రోడ్డు సగం లేదు. తారు పెళ్లలుగా లేచిపోయింది. అడ్డుగా పోసిన బండరాళ్లను కెరటాలు దారి మీదకే తెచ్చి పడేశాయి. ఇసుక నింపి వేసిన జియోట్యూబు గోడ ఎప్పుడో చిరిగిపోయింది. సుబ్బంపేట వైపు, గోడ కూలిన ఇంటి ముందు వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దావిడను పలకరించాను.

"ఇల్లు ఎప్పుడు పోయింది మామ్మగారూ?"

"ఏ ఇల్లు బాబూ? ఇది మూడోది" అంటూ నీళ్లలోకి చెయ్యి చాపింది. "ఆ పడవ ఉంది చూడు, మా అత్తగారిల్లు అక్కడ. దాని ముందు కొబ్బరిచెట్లు. వాటికీ ముందు వలలు ఆరేసుకునే ఇసుక."

లోపల ఎక్కడైనా స్థలమిస్తే వెళ్తారా అని అడిగాను.

"వెళ్తాం. పడవను ఎవరు కాస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. చీర సంగతే మరిచిపోయాను.

ఇంత దగ్గరలో ఉన్న కాకినాడలో సముద్రం చెరువులా ఉంది! గోదావరి ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్, సుమారు 16 కిలోమీటర్ల పొడవున, కెరటాలకు అడ్డం పడుకుంది. ఉత్తరానికి కొట్టుకుపోవలసిన ఇసుకను అదే ఆపేయడం ఉప్పాడ కోతకు ఒక కారణమంటారు. ఆనకట్టల వల్ల నది తెచ్చే ఒండ్రు కూడా తగ్గింది.

మా విశాఖలో పోర్టు తవ్విన ఇసుకను తెచ్చి బీచ్‌లో పోస్తారు. 2014లో హుద్‌హుద్ వచ్చాక కరెంటు తీగలను భూమిలోకి దించారు. అన్నీ కోట్ల పనులే. కాకినాడ పక్కనే ఉన్న కోరింగలో మాత్రం మడచెట్లు బురదలోంచి వేళ్లు పైకెత్తి, ఒండ్రును పట్టి ఉంచి, కెరటాల జోరును ఊరికే తగ్గిస్తున్నాయి. అలాంటి చెట్లను కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్లస్థలాల కోసం కొట్టేశారు. వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. తుపానులు కొత్తకాని ఊరు, 1996 నాటి ఉప్పెనను చూసిన ప్రాంతం ఇలా చేయడం నాకు మింగుడుపడలేదు.

నరికినచోట మళ్లీ నాటితే పెరుగుతాయా అని పడవ నడిపే కుర్రవాణ్ణి అడిగాను. "పెరుగుతాయండి. పోటుకు నీళ్లు వచ్చి, పాటుకు పోవాలి. నిలవ ఉంటే మొక్క చచ్చిపోతుంది" అన్నాడు. అందుకే చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి నాటుతారు. దుమ్ములపేటలో ముందు ఆ కాలువలు తవ్వాలి, గోడల టెండర్లు తరవాత పిలవవచ్చు.