పని లేకుండా మద్రాసుకు

నెల్లూరులో ఎవరైనా మద్రాసు వెళ్తున్నామని చెబితే, విన్నవాళ్ళు మొదట అడిగే ప్రశ్న "ఏం పని మీద?" అనేదే. రైల్లో మూడు గంటల దూరంలో ఉన్న ఆ నగరానికి మేము ఆసుపత్రి కోసం వెళ్తాము, పెళ్ళి చీరల కోసం వెళ్తాము, అమెరికా నుంచి వచ్చే చుట్టాలను విమానాశ్రయం నుంచి తీసుకురావడానికి వెళ్తాము. పని ముగియగానే దొరికిన రైలెక్కి తిరిగి వచ్చేస్తాము. ముప్పై ఏడేళ్ళ వయసులో నేను కూడా కనీసం నలభై సార్లు అక్కడికి వెళ్ళి ఉంటాను గానీ, ఒక్కసారైనా ఊరికే ఒకచోట కూర్చున్న జ్ఞాపకం లేదు. అందుకే సెప్టెంబరులో ఒక శని, ఆదివారాలు అక్కడ ఒంటరిగా గడిపి వస్తానని ఇంట్లో చెప్పినప్పుడు, మా అత్తగారికి నా మాట అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. "డాక్టరుకు చూపించుకోవాలా అమ్మాయ్? నాతో చెప్పకూడదా?" అని ఆమె నన్ను వంటింట్లోకి పిలిచి మరీ గొంతు తగ్గించి అడిగారు.

ఆరోగ్యం బాగానే ఉంది. పదేళ్ళ కూతురు, ఐదేళ్ళ కొడుకు, ఉద్యోగం, ఇల్లు, అన్నీ బాగానే ఉన్నాయి. కూతురు పుట్టిన నాటి నుంచి ఒక్క రాత్రి కూడా నేను ఒంటరిగా నిద్రపోలేదన్న సంగతి మాత్రం, ఒకరోజు బట్టలు మడతపెడుతూ లెక్క వేసుకుంటే తెలిసింది. మా వారు ఆఫీసు శిక్షణల పేరుతో హైదరాబాదుకు నాలుగైదు సార్లు, పూణేకు ఒకసారి వెళ్ళి వచ్చారు. అప్పుడెవరూ ఆయనను పిల్లల సంగతేమిటని అడగలేదు. ఈ మాట నేను నిష్ఠూరంగా అనలేదు, ఆయన కూడా అలా తీసుకోలేదు, టికెట్టు ఆయనే తీశారు. ఆ తరవాత మూడు రోజుల పాటు నేను వంట గురించి, యూనిఫారాల గురించి, పిల్లవాడి దగ్గుమందు గురించి కాగితాల మీద రాసి ఫ్రిజ్‌కు అంటిస్తూ గడిపాను. వాటిని ఎవరూ చదవలేదని తిరిగి వచ్చాక తెలిసింది.

శనివారం తెల్లవారుజామున రైలెక్కాను. సూళ్ళూరుపేటలో బఠాణీలమ్మే అబ్బాయి పెట్టెలోకి రాగానే అలవాటు కొద్దీ రెండు పొట్లాలు కొన్నాను, పిల్లలు కొట్టుకోకుండా చెరొకటి ఇవ్వడానికి. కొన్న తరవాత గానీ పక్కన ఎవరూ లేరన్న సంగతి గుర్తుకు రాలేదు. రెండూ నేనే తిన్నాను. తడ దాటి ఆరంబాక్కం వచ్చేసరికి స్టేషను బోర్డుల మీద తెలుగు పోయి తమిళం వచ్చింది. సెంట్రల్ స్టేషనుకు 2019లో ఎం.జి. రామచంద్రన్ పేరు పెట్టారు గానీ, మా వాళ్ళెవరికీ ఆ పేరు నోట పలకదు. ఊరి పేరు మారి దాదాపు ముప్పై ఏళ్ళయినా మాకది మద్రాసే, మా అత్తగారికైతే చెన్నపట్నమే.

ఎగ్మూరులో ముందుగా బుక్ చేసుకున్న లాడ్జిలో గది ఇవ్వడానికి అక్కడి కుర్రవాడు తటపటాయించాడు. ఒక్కరేనా అని రెండుసార్లు అడిగి, మా వారి ఫోను నంబరు రాయమన్నాడు. నా ఆధార్ కార్డు చూపించాక వేరే నంబరుతో ఏం పని ఉందని అడిగితే, ఇక్కడ పద్ధతి అదేనన్నాడు. తన తల్లి వయసుకు దగ్గరపడుతున్న ఆడమనిషి రెండు రోజుల కోసం ఒక గది తీసుకుంటే ఆమెకు బాధ్యత వహించే మగవాడి నంబరు కావలసి వచ్చే పద్ధతి ఎవరు పెట్టారో గానీ, నేను మా ఇంటి ల్యాండ్‌లైన్ నంబరు రాసి, సంచి గదిలో పడేసి బయటికి వచ్చేశాను. ఆ ల్యాండ్‌లైన్ తీయించేసి ఐదేళ్ళయింది.

నేను చూడాలనుకున్నది ఒక్కటే, పాంథియన్ రోడ్డులోని ప్రభుత్వ మ్యూజియం. 1851లో మొదలైన ఆ మ్యూజియానికి శుక్రవారం సెలవు కాబట్టి, శనివారం పొద్దున్నే జనం పలచగా ఉన్నారు. ఆవరణలోనే పిల్లల మ్యూజియం వేరుగా ఉంది. కాళ్ళు తమంతట తామే అటు తిరిగితే వాటిని మళ్ళించుకుని అమరావతి శిల్పాల వైపు నడిచాను. మన పల్నాటి సున్నపురాతి పలకలు ఇంత దూరం ఎలా వచ్చాయన్నది పెద్ద కథ. 1797లో కాలిన్ మెకంజీ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి అమరావతి దిబ్బను మొదట చూశాడు; అప్పటికే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్తగా కట్టిస్తున్న పట్నం కోసం అక్కడి రాళ్ళు తవ్వుకుపోతున్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ మళ్ళీ తవ్వించి చాలా పలకలను మద్రాసుకు పంపాడు. వాటిలో కొన్ని తరవాత ఓడెక్కి లండన్ చేరి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మిగిలినవి ఇక్కడ.

నేను అంతసేపు నిలబడింది నాళాగిరి పలక ముందు. బుద్ధుడిని చంపించడానికి దేవదత్తుడు రాజగృహం వీధిలోకి మదపుటేనుగును వదిలిన కథ మనం చిన్నప్పుడు చదువుకున్నదే. గుండ్రని ఆ ఒక్క రాతి మీద శిల్పి కథ మొత్తాన్ని పక్కపక్కనే చెక్కాడు: ఎడమవైపు ఏనుగు ఊరి మీద విరుచుకుపడి మనుషులను తొక్కుతోంది, కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లింది. ఈ రెంటి మధ్య ఉన్న భయాన్ని ఆయన ఏనుగులో చూపలేదు, చూస్తున్న జనంలో చూపాడు. పై అంతస్తు కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టి చూస్తున్న వాళ్ళున్నారు, బెదిరి వెనక్కి ఒదిగిపోయిన ఒక స్త్రీ ఉంది. ఆ వీధిలో నిలబడితే నేనెక్కడ ఉండేదాన్నని ఆలోచించాను. కిటికీలో ఉండేదాన్ని కాదు. ఒక పిల్లను చంకన వేసుకుని, ఇంకొక పిల్లవాడి చెయ్యి పట్టుకుని సందులోకి పరిగెత్తుతూ ఉండేదాన్ని, కాబట్టి శిల్పంలో నా వీపు కూడా పడేది కాదు. ఇంత ఆలోచన ఒక రాయి ముందు చేసి ఎన్నేళ్ళయిందో తెలియదు. పిల్లలుంటే ఈ పలక దగ్గర నేను అనగలిగే మాట "ముట్టుకోవద్దు" అన్న ఒక్కటే. కాపలా ఆయన రెండు మూడుసార్లు నా పక్కనుంచి నడిచి వెళ్ళి, చివరికి తమిళంలో ఏదో అడిగాడు. నాకు అర్థమైనంతవరకు, నేను కాలేజీలో పాఠం చెబుతానా అని. కాదని తల అడ్డంగా ఊపాను.

కంచు విగ్రహాల గదిలో తిరువెన్‌కాడు అర్ధనారీశ్వరుడిని చూసి, మిగిలినవి పైపైన చూస్తూ నడిచాను. అప్పటికి కళ్ళు నిండిపోయాయి, కడుపు ఖాళీ అయింది. గదికి వెళ్ళి, దారిలో కట్టించుకున్న పెరుగన్నం తిని పడుకుంటే సాయంత్రం నాలుగింటికి గానీ మెలకువ రాలేదు. లేచాక సగం రోజు నిద్రలో పోగొట్టుకున్నానని ముందు బాధ కలిగింది. నిజానికి నేను వచ్చిందే అందుకు.

సాయంత్రం తిరువళ్ళిక్కేణి పార్థసారథి స్వామి గుడికి వెళ్ళాను. పల్లవుల కాలం నాటి ఆ గుడిలో మూలవిరాట్టు వేంకటకృష్ణుడు. చక్కని మీసంతో నిలువెత్తుగా ఉంటాడు. ఆయన ఒక్కడే ఉంటే సరిపోయేది. పక్కన రుక్మిణి, అన్న బలరాముడు, సాత్యకి, కొడుకు ప్రద్యుమ్నుడు, మనవడు అనిరుద్ధుడు, ఇంటిల్లిపాదీ ఒకే గర్భగుడిలో కొలువై ఉన్నారు. ఇంటి నుంచి రెండు రోజులు సెలవు పుచ్చుకుని వచ్చిన నాకు ఈ దేవుడే ఎదురుపడాలా అని నవ్వు వచ్చింది. దర్శనమయ్యాక దగ్గరలోనే ఉన్న రత్నా కేఫ్‌లో, 1948 నుంచి ఊరంతా చెప్పుకునే ఆ సాంబారు ఇడ్లీ తిన్నాను. అక్కడ ఇడ్లీకి సాంబారు నంజుకోవడం ఉండదు. ప్లేటులో ఇడ్లీ పెట్టి, అది మునిగేదాకా సాంబారు పోస్తారు, అయిపోతుంటే మళ్ళీ పోస్తారు. వేడి చల్లారకుండా తిన్నాను. ఇది చదివే తల్లులకు ఆ వాక్యం ఎంత బరువైనదో వేరే చెప్పనక్కరలేదు.

మెరీనాకు నడిచి వెళ్ళేసరికి చీకటి పడుతోంది. మాకు మైపాడులో ఉన్నదీ ఈ బంగాళాఖాతమే, అయినా ఇక్కడి ఇసుక మేర ఎంత వెడల్పంటే రోడ్డు నుంచి అలల దాకా నడవడమే ఒక ప్రయాణం. కొబ్బరి, పచ్చిమామిడి ముక్కలు కలిపిన బఠాణీ సుండల్ పొట్లం కొనుక్కుని, ఈసారి ఒకటే కొన్నాను, ఇసుకలో కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేశాను. రోడ్డుకు అవతల గుండ్రంగా, కోటబురుజులా కనిపించే ఇంటిని పిల్లలకు చూపించాను. ఇప్పుడది వివేకానందుడి స్మారకం; ఆయన 1897 ఫిబ్రవరిలో తొమ్మిది రోజులు అక్కడ బస చేశారు. అంతకు ముందు దాని పేరు ఐస్ హౌస్. 1840లలో అమెరికాలో గడ్డకట్టిన చెరువుల నుంచి కోసిన మంచు దిమ్మలను రంపపు పొట్టులో పెట్టి, ఓడల మీద నెలల తరబడి తెచ్చి, ఇక్కడి దొరల కోసం ఈ ఇంట్లో నిలవ చేసేవారు. నా కొడుకు ఈ కథ నోరు తెరుచుకుని విన్నాడు. "ఇప్పుడు ఎంత ఐసు ఉందమ్మా?" అని అడిగాడు. ఇప్పుడు లేదు నాన్నా, అప్పట్లో ఉండేదని చెప్పాను. వాడు అంత తేలికగా వదలలేదు. "కొంచెం ఉంటుందిలే, తీసుకురా" అన్నాడు.

రాత్రి గదిలో నిద్ర పట్టలేదు. నా పొట్ట మీద ఎవరి కాలూ లేదు, దుప్పటి ఎవరూ లాగడం లేదు, ఫ్యాను చప్పుడు తప్ప ఏ చప్పుడూ లేదు. ఈ నిశ్శబ్దం కోసమే అంత గొడవ పడి వచ్చినదాన్ని, పన్నెండింటి దాకా పిల్లల పాత ఫొటోలు చూస్తూ కూర్చున్నాను. ఇది రాయడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది.

ఆదివారం మైలాపూరు. కపాలీశ్వరుడి గుడి, పార్వతి నెమలి రూపంలో తపస్సు చేసిందని చెప్పే పొన్న చెట్టు, కోనేరు, అన్నీ చూసి రాయపేట హైరోడ్డు వైపు నడిచాను. మా జిల్లా పేరులో ఉన్న మనిషి ప్రాణం విడిచిన చోటు ఆ రోడ్డు మీదే ఉంది. 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని ఉపవాసం చేసిన పొట్టి శ్రీరాములు, 1952 అక్టోబరు 19న ఇక్కడ బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో మరో ఉపవాసానికి కూర్చుని, డిసెంబరు 15 రాత్రి మరణించారు. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడింది, మద్రాసు మాత్రం మనకు రాలేదు. ఇన్నిసార్లు ఈ ఊరికి వచ్చి కూడా ఇటు ఒక్కసారి రాలేదే అనుకుంటూ ఫొటో తీసి కూతురికి పంపాను. దానికి బళ్ళో ఈ పాఠం ఉంది. జవాబు వెంటనే వచ్చింది: "58 రోజులా? వాళ్ళమ్మ ఊరుకుందా?" ఏం రాయాలో తోచక, ఇంటికి వచ్చాక చెబుతానని రాశాను.

దసరా దగ్గర పడుతుండడంతో ఉత్తర మాడ వీధి నిండా కొలువు బొమ్మలు పరిచి ఉన్నాయి. ఏమీ కొనకూడదని గట్టిగా అనుకున్నాను, ఎందుకంటే కొనడమంటే మళ్ళీ పనే. అయినా మా అత్తగారి కొలువులో పచారీ కొట్టు పెట్టుకుని కూర్చునే శెట్టి బొమ్మ చెయ్యి కిందటేడు విరిగిందని, ఆవిడ దాన్ని వెనక వరుసలోకి జరిపి సరిపెట్టుకున్నారని గుర్తుకొచ్చింది. బేరమాడి భార్యాభర్తల జత కొన్నాను. వాళ్ళను పాత వార్తాపత్రికల్లో చుట్టించుకుని, ఒడిలో పెట్టుకుని, మధ్యాహ్నం పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

గూడూరులో దిగవలసిన ఒక పెద్దావిడ నా ఎదుటి సీట్లో కూర్చుని, గుమ్మిడిపూండి దాకా ఓపిక పట్టి, ఇక ఆగలేక అడిగారు. "ఏం పని మీద పోయినావమ్మా మద్రాసుకి?"

"పనేమీ లేదు పెద్దమ్మా, ఊరికే చూసి వద్దామని వెళ్ళాను."

"పిల్లకాయలు?"

"ఇంట్లోనే ఉన్నారు, వాళ్ళ నాయనమ్మ దగ్గర."

ఆవిడ నన్ను, నా మెడను, నా ఒడిలోని మూటను వరసగా చూశారు. అందులో ఏముందని అడిగితే కాగితం కొంచెం విప్పి చూపించాను. "అట్టా చెప్పు, బొమ్మలకి పోయినావు," అని ఆవిడ నిశ్చింతగా కిటికీ వైపు తిరిగారు.

నెల్లూరు స్టేషనులో ముగ్గురూ ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు. కొడుకు నన్ను పట్టుకోవడానికి ముందు సంచిని పట్టుకుని, బయటి నుంచి తడిమి చూసి, ఐసు ఏదని అడిగాడు. గూడూరు దాకా ఉందనీ, అక్కడ ఎండ ఎక్కువై కరిగిపోయిందనీ చెప్పాను. వాడు సంచి అడుగున తడి ఉందేమోనని వంగి చూశాడు. వాడి వెనక నిలబడి మా అమ్మాయి నావైపే చూస్తోంది.