16 బిట్లకు దించేటప్పుడు తప్పిన ఒక ప్లస్-మైనస్ గుర్తు

తప్పెక్కడుందో నిన్న రాత్రికి తేలింది. తంబూర రికార్డింగ్‌ని 24 బిట్ల నుంచి సీడీకి 16 బిట్లకు దించే ప్రోగ్రాం సొంతంగా రాశాను. డిథర్ అంటే రౌండింగ్ వల్ల వచ్చే గరగర పోవడానికి కలిపే సన్నని ర్యాండమ్ నాయిస్. దాని తయారీ పది నిమిషాల పని. −0.5, +0.5 ఎల్‌ఎస్‌బీల (ఎల్‌ఎస్‌బీ అంటే 16 బిట్లలో అతి చిన్న మెట్టు) మధ్య రెండు ర్యాండమ్ సంఖ్యలు తీసి కూడితే చాలు. ఎడమ, కుడి ఛానళ్లకు వేర్వేరుగా తీయాలి, లేకపోతే హిస్ (సన్నని ‘స్‌స్’ శబ్దం) సరిగ్గా మధ్యలో వినిపిస్తుంది.

ఏడిపించింది నాయిస్ షేపింగ్, అంటే ఆ నాయిస్‌ని చెవికి బాగా వినిపించే ఫ్రీక్వెన్సీల నుంచి తక్కువ వినిపించే వాటికి నెట్టడం. ఆడియో పరిశోధకుడు లిప్‌షిట్జ్ బృందం ఇచ్చిన ఐదు గుణకాలు తీసుకున్నాను: 2.033, −2.165, 1.959, −1.590, 0.6149. ఇవి 44.1 కిలోహెర్ట్జ్‌కి లెక్కగట్టినవి. గత ఐదు శాంపిళ్ల ఎర్రర్లను (రౌండ్ చేసినప్పుడు వచ్చిన తేడాలను) వీటితో గుణించి కొత్త శాంపిల్‌కి కలపాలి. కలపాలా, తీసెయ్యాలా? నేను చదివిన పాఠంలో ఆ ముక్కే లేదు. ఎర్రర్ అంటే ఏది లోంచి ఏది తీసినదో చెప్పకుండా ఫార్ములా అచ్చేసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. నేను అవుట్‌పుట్ లోంచి ఇన్‌పుట్ తీసి, దాన్ని కలిపాను.

హిస్ తగ్గకపోగా పెరిగింది. నిశ్శబ్దాన్ని పంపి మొత్తం నాయిస్ కొలిచాను. షేపింగ్ లేకుండా 0.5 ఎల్‌ఎస్‌బీ, షేపింగ్‌తో 2.03. సిద్ధాంతం చెప్పేదీ అదే, 12.2 డెసిబెల్స్ పెరుగుదల. దాంతో ఫిల్టర్ సరిగ్గానే ఉందనుకుని రెండు రోజులు ర్యాండమ్ సంఖ్యలను అనుమానించాను. అసలు సంగతేమిటంటే, ఈ మొత్తం గుణకాల వర్గాల మీద ఆధారపడుతుంది. వర్గం చేస్తే గుర్తు పోతుంది కాబట్టి తప్పు ఫిల్టరూ ఒప్పు ఫిల్టరూ ఒకే అంకె చూపిస్తాయి. మీటర్ ఒక్కదాన్నే నమ్మకండి, స్పెక్ట్రమ్ చూడండి. మామూలు డిథర్‌తో పోలిస్తే 4 కిలోహెర్ట్జ్ దగ్గర 27 డెసిబెల్స్ లోయ ఉండాలి. నాకు అక్కడ 6 డెసిబెల్స్ గుట్ట కనిపించింది.

గుర్తు సరిచేసే తొందరలో ఇంకో తప్పు చేశాను. ఎర్రర్‌ని డిథర్ కలిపాక వచ్చిన విలువతో పోల్చి లెక్కగట్టాను. మొత్తం నాయిస్ 1.24 ఎల్‌ఎస్‌బీకి దిగింది, కానీ 4 కిలోహెర్ట్జ్ దగ్గర తగ్గింది 1.76 డెసిబెల్స్ మాత్రమే. రౌండింగ్ ఎర్రర్ కంటే డిథర్ శక్తి రెండింతలు. ఎర్రర్‌ని తిరిగి కలిపే లూప్ బయట డిథర్ ఉండిపోతే లోయ పూడిపోతుంది. డిథర్ కలపకముందున్న విలువ లోంచి చివరి అవుట్‌పుట్ తీసి, ఆ తేడానే దాచుకుని, గుణించి, కలపాలి. అలా రాయగానే 27 వచ్చింది.

క్లిప్పింగ్‌కి (పరిమితి దాటిన విలువను కత్తిరించడానికి) ముందే ఎర్రర్ లెక్కించండి, లేకపోతే ఆ పెద్ద తేడా తర్వాతి శాంపిళ్లలోకి చిమ్ముతుంది. 48 కిలోహెర్ట్జ్ ఫైలుకి ఇవే గుణకాలు వాడితే లోయ 4.35 కిలోహెర్ట్జ్‌కి జరుగుతుంది. ఇదంతా అయ్యాక ఎవరైనా వాల్యూమ్ 0.3 డెసిబెల్ తగ్గించి మళ్లీ 16 బిట్లకు సేవ్ చేస్తే, మరోసారి రౌండింగ్ జరిగి పడిన శ్రమంతా పోతుంది. ఒక స్టూడియోలో నా ఫైలుకి సరిగ్గా అదే చేశారు. ఇప్పుడు తంబూర ఆఖరి మీటు గరగర లేకుండా హిస్ లోపలికి దిగిపోయేదాకా వినిపిస్తోంది.