మా అబ్బాయి సంపాదించిన నా సర్టిఫికెట్లు

నిష్ఠ అని మా టీచర్లకు కేంద్రం పెట్టిన ట్రైనింగ్ ఉంది. దాని మొదటి విడత ఆన్‌లైన్ సర్టిఫికెట్లు నా ఫైల్లో పద్దెనిమిది ఉన్నాయి. అందులో నేను చదివి తెచ్చుకున్నవి రెండో మూడో. మిగతావన్నీ మా అబ్బాయి పుణ్యం.

గుంటూరులో ఒక మున్సిపల్ ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్) నేను. ఇరవై ఏళ్లు దాటిన సర్వీసంతా సుద్దముక్కతో, గొంతుతోనే నెట్టుకొచ్చాను. 2019లో నిష్ఠ మొదలైనప్పుడు అది హాల్లో కూర్చోబెట్టి చెప్పే ట్రైనింగే. కరోనా వచ్చాక 2020 జూలైలో మన ఆంధ్ర నుంచే 1,200 మంది రిసోర్స్ పర్సన్లతో దాన్ని ఆన్‌లైన్‌లో మొదలుపెట్టారు. అక్టోబరుకల్లా మా అందరి మీదికీ వచ్చింది. బడి చదువుల కోసం ప్రభుత్వం పెట్టిన దీక్ష యాప్‌లో 18 కోర్సులు, పదిహేను రోజులకు మూడు చొప్పున.

అప్పటిదాకా నా ఫోన్‌లో నాకు వచ్చినవల్లా వాట్సాప్, కాల్ చేయడం. మొదటి కోర్సు తెరిచి అరగంట తంటాలు పడ్డాను. ఒక చోట నొక్కితే ఇంకో చోట తేలుతున్నాను. మా అబ్బాయి పక్కనే ఉన్నాడు, ఇంజనీరింగ్ క్లాసులు వాడికీ ఇంట్లోనే. "ఇటివ్వమ్మా, అయిదు నిమిషాల పని" అని లాక్కున్నాడు. వీడియో సౌండ్ తీసేసి ఫోన్ దిండు పక్కన పెట్టి తన క్లాసు తాను వినేవాడు. క్విజ్‌కి జవాబులు ఎలాగూ గ్రూపుల్లో తిరుగుతూనే ఉండేవి. చదువులో ఐసీటీ, అంటే కంప్యూటర్లూ ఫోన్లూ ఇంటర్నెట్, వాడకం గురించి కూడా ఒక కోర్సు ఉంది. అదీ వాడే పూర్తి చేశాడు!

ఇదేదో నా ఒక్కదాని బాగోతం అనుకోకండి. మా స్టాఫ్‌లో ఒకావిడకు కోడలు చేసింది, ఒక సార్‌కి ఇంటర్ చదివే కూతురు చేసింది. యూట్యూబ్ లైవ్‌లో ట్రైనింగ్ పెట్టినప్పుడు చాట్ నిండా "గుడ్ మార్నింగ్ సార్"లు, పేరూ మండలమూ. హాజరు వేయించుకుని వంటింట్లోకి వెళ్లిపోయేవాళ్లం. తెర మీద ట్రైనింగ్ ఇచ్చే ఆయన "ఇప్పుడు ఈ బటన్ నొక్కండి" అంటే, అదే ఫోన్‌లో ఆయన్ని చూస్తూ ఆ బటన్ ఎక్కడ నొక్కాలి?

2021 ఫిబ్రవరిలో చిన్న తరగతులు తెరిచారు. ఒకరోజు మూడో తరగతి పిల్లని దింపడానికి వచ్చిన నాన్న, ఆటో నడుపుతాడు, పాఠ్యపుస్తకం తెరిచి అడిగాడు. "టీచర్ గారూ, పాఠం దగ్గర ఈ నల్ల గళ్ల బొమ్మ ఎందుకండీ?"

క్యూఆర్ కోడ్ అని తెలుసు, పచారీ కొట్లో డబ్బులు కట్టేటప్పుడు చూస్తూనే ఉంటాంగా. పుస్తకంలో ఎందుకుందో తెలియదు. తెలియదని చెప్పొచ్చు కదా? చెప్పలేదు. "అది ప్రింటింగ్ వాళ్ల లెక్క కోసం అండీ" అనేశాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు.

రెండు రోజులకి ఆ పిల్ల నా టేబుల్ దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. "టీచర్, మా బాబాయి ఫోన్‌లో దీక్ష పెట్టి దాన్ని చూపిస్తే మన పాఠం వీడియో వచ్చింది." నాకు తల కొట్టేసినట్టయింది. ఆ దీక్ష పేరుతోనే అప్పటికి నా దగ్గర డజను సర్టిఫికెట్లు ఉన్నాయి మరి.

అదే ఏడాది దసరా దాటాక మళ్లీ కోర్సులు వచ్చాయి. నిష్ఠ 3.0, పిల్లలకు చదవడంలో, లెక్కల్లో పునాది వేయడం గురించి, మొత్తం 12. ఈసారి నేనే చేద్దామని కూర్చున్నాను. పాస్‌వర్డ్ తెలియదు. మార్చుకుందామంటే ఓటీపీ మా అబ్బాయి నంబరుకు పోతోంది, అప్పట్లో వాడు తన నంబరే ఇచ్చాడట. వాడేమో తిరిగి హైదరాబాదులో కాలేజీకి వెళ్లిపోయాడు. క్లాసులో ఉండి ఫోన్ ఎత్తడు. ఎత్తి చెప్పేసరికి ఓటీపీ గడువు అయిపోతుంది. మూడు రోజులు ఇదే వరస. నా ఉద్యోగం తాళంచెవి వాడి జేబులో ఉండటం ఏమిటని ఒళ్లు మండింది, వాడి మీద కాదు.

చివరికి మా స్కూల్లో కొత్తగా చేరిన ఒక చిన్న టీచర్‌ని అడిగాను. ఆ అమ్మాయి ఒక షరతు పెట్టింది. "మేడమ్, మీ ఫోన్ నేను ముట్టుకోను. పక్కన కూర్చుంటాను, నొక్కేది మీరే." మధ్యాహ్నం క్యారేజీలు కడిగాక రోజూ ఇరవై నిమిషాలు. నేను తప్పు నొక్కినా అరిచేది కాదు, "వెనక్కి ఎలా వస్తారో చూడండి" అనేది. అన్నిట్లోకీ ఎక్కువ పనికొచ్చింది ఆ వెనక్కి రావడమే. తప్పు నొక్కితే ఏదో పోతుందని, పైనుంచి మెమో వస్తుందని నాలో ఒక భయం ఉండేది. ఎన్నిసార్లు తప్పు నొక్కినా ఏమీ పోలేదు.

మొదటి కోర్సు 94 శాతం దగ్గర ఆగిపోయింది. రెండు రాత్రులు టెన్షన్. పాత నోట్‌బుక్‌లో కోర్సు భాగాలన్నీ రాసుకుని ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ వెతికితే దొరికింది. ఒక పీడీఎఫ్ మొదటి పేజీ చూసి వదిలేశాను, చివరిదాకా జరపలేదు. జరిపాను. అయినా అంకె కదల్లేదు. పైన మూడు చుక్కలు నొక్కి ప్రోగ్రెస్ సింక్ చేయాలని చిన్న టీచర్ చెప్పింది. చేస్తే నూరు అయింది. ఆ స్క్రీన్ ఫొటో తీసి మా అబ్బాయికి పంపాను. "నాకూ ఇన్ని మార్కులు రాలేదే" అని రిప్లై పెట్టాడు.

చివరి పరీక్షలో 70 శాతం వస్తేనే సర్టిఫికెట్. మొదటిసారి నాకు 55. గ్రూపులో జవాబులు అప్పటికే తిరుగుతున్నాయి, చూడలేదని బడాయి పోను, రెండు చూశాను. అందులో ఒకటి తప్పు. మళ్లీ పాఠం చదివి రాస్తే 80 వచ్చింది.

పన్నెండూ నేనే చేశాను. వీడియో ఎడిటింగ్ అంటే ఇప్పటికీ నా వల్ల కాదు. కానీ ఇప్పుడు మూడో తరగతిలో పాఠం మొదలుపెట్టే ముందు గళ్ల బొమ్మ దగ్గర ఫోన్ పెడతాను. పిల్లలు బెంచీల మీదికెక్కి తొంగి చూస్తారు. ఆ ఆటో నాన్న మళ్లీ కనిపించినప్పుడు గేటు దగ్గరే ఆపి, ఆరోజు తప్పు చెప్పానండీ అన్నాను. ఆయనకు గుర్తే లేదు.

ఆ పాత పద్దెనిమిదీ ఫైల్లోనే ఉన్నాయి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు లెక్కపెట్టేది ముందు వాటినే.