ఆ ఓవర్‌హెడ్ నేనే

అడ్మిషన్ ఇంటర్వ్యూలో ఒక మేడమ్ అడిగారు: "పదకొండేళ్లుగా ఈ పనే చేస్తున్నారు కదా, ఇంకా మేం నేర్పేదేముంటుంది?" ఉన్న మాట చెప్పేశాను. "ప్రతి ఏడూ మార్చి వచ్చేసరికి డబ్బు ఎందుకు అయిపోతుందో నాకు అర్థం కావట్లేదండీ." ఆవిడ నవ్వి ఏదో రాసుకున్నారు. సీటొచ్చింది.

నేను పనిచేసేది బెంగళూరులో, కాడుగోడి దగ్గర ఒక చిన్న ట్రస్టులో. అపార్ట్‌మెంట్లు కట్టే చోట రేకుల షెడ్లలో ఉండే కూలీల పిల్లలకు బడి నడుపుతాం. ఆదోని, ఎమ్మిగనూరు, కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ, రాయచూరు వాళ్లూ ఉంటారు. మాది హిందూపురం, తెలుగూ కన్నడా రెండూ వచ్చు కాబట్టి టీచరుగా తీసుకున్నారు. తర్వాత లెక్కలు, రిపోర్టులు, డోనర్లకు ఫోన్లు అన్నీ ఒక్కొక్కటే నా నెత్తికెక్కాయి.

కోర్సు రెండేళ్లు, సేవా సంస్థల నిర్వహణ మీద పీజీ, ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం. నెలకు రెండు శనాదివారాలు క్లాసులు, బుధవారం రాత్రి ఎనిమిదింటికి ఆన్‌లైన్. ఫీజు కోసం గాజులు గోల్డ్ లోన్‌లో పెట్టాను. "పుణ్యం చేయడానికి కూడా డిగ్రీ కావాలా అమ్మా?" అన్నాడు మా చిన్నాన్న ఫోన్‌లో. మొదటి రెండు నెలలు చదువు కన్నా ప్రయాణమే కష్టమనిపించింది. అప్పటికి మెట్రో లైను మధ్యలో తెగి ఉండేది. కేఆర్ పురంలో దిగి బస్సెక్కి బయ్యప్పనహళ్లి, అక్కడ మళ్లీ మెట్రో. 2023 అక్టోబరులో ఆ ముక్క కలిశాక కాస్త ఊపిరాడింది. కాడుగోడిలో సీటు దొరికితే మెజెస్టిక్ వచ్చేలోపు ఒక పాఠం పూర్తయ్యేది.

లీడర్‌షిప్ పేపరు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మీరు సింహమా, గుడ్లగూబా అని తేల్చే ప్రశ్నలకు టిక్కులు పెట్టించారు. నేను గుడ్లగూబనట.

అసలు కోర్సు నాకు లెక్కల పేపరుతో మొదలైంది. చెప్పింది రిటైరైన ఒక ఆడిటర్ గారు. మొదటి రోజే జీతాల రిజిస్టరు తెమ్మన్నారు. ఒక్కో పేరునీ రెండు వరసల్లో రాయాలి: పిల్లల పని ఒక వైపు, ఆఫీసు పని, అంటే ఓవర్‌హెడ్, ఒక వైపు. విదేశీ విరాళాల్లో ఆఫీసు ఖర్చు 20 శాతం దాటకూడదు, 2020లో చట్టం సవరించక ముందు అది 50 ఉండేది. టీచర్లందరూ ఎడమ వైపు వెళ్లారు. అద్దె, కరెంటు, పార్ట్‌టైమ్ అకౌంటెంటు కుడి వైపు. నా పేరు దగ్గర పెన్ను ఆగింది. నేను పాఠం చెప్పి నాలుగేళ్లయింది. కుడి వైపే రాసుకున్నాను. ఇన్నాళ్లూ "ఓవర్‌హెడ్ తగ్గించండి" అని డోనర్లు అంటుంటే సరేనని తలూపిన మనిషినే ఆ ఓవర్‌హెడ్.

మాకు ఎక్కువ డబ్బు ఒక కంపెనీ సీఎస్ఆర్ నుంచి, అంటే సమాజ సేవకు కంపెనీ పక్కన పెట్టే డబ్బు నుంచి, వస్తుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలా ఖర్చుపెట్టాలి. వాళ్ల ఆఫీసరు ప్రతి ఏడూ ఒకటే మాట: "ఆఫీసు ఖర్చుకి 5 శాతమే అండీ, రూలు." మేమూ అదే నమ్మాం. మిగతా అద్దె, అకౌంటెంటు, నేను ఎక్కడి నుంచి వస్తాం? చిన్న విరాళాల నుంచి. అవి ఫిబ్రవరికల్లా ఖాళీ. నా మార్చి గుంత ఇదే. పైగా మా ట్రస్టు నడిపే సార్‌కి ఒక భయం, ఏడాది చివర రూపాయి మిగిలినా తప్పేనని. ట్రస్టు ఆదాయంలో 85 శాతం పనికి వాడితే మిగతా 15 శాతం దాచుకోవచ్చని ఆడిటర్ గారు చెప్పిన రోజు నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆ 5 శాతం రూలు తీసి చదవమన్నారాయన. చదివితే అది కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చు మీద పరిమితి. పని చేసే సంస్థ ఖర్చు అందులోకి రాదని 2021 ఆగస్టులో మంత్రిత్వ శాఖ వివరణ కూడా ఇచ్చింది. ప్రింటు తీసుకుని వెళ్లాను. ఆఫీసరు రెండుసార్లు చదివి, "కరెక్టే మేడమ్, కానీ మా ఇంటర్నల్ పాలసీ అలా ఉంది" అన్నారు. అన్నేళ్లూ రూలు, ఆ రోజు నుంచి పాలసీ! కాఫీ అయ్యాక ఒక దారి చెప్పారు: మీ ఖర్చెంతో లెక్క వేసి, ట్రస్టీల తీర్మానంతో పంపండి, పైకి పెడతాను.

తీర్మానం అనగానే నాకు టెన్షన్ పట్టుకుంది. ట్రస్టీల మీటింగుల్లో ఎవరేమన్నారో రాసే మా మినిట్స్ పుస్తకం సంగతి నాకే తెలుసు. ఆడిట్‌కి ముందు రోజు సాయంత్రం ఏడాది మొత్తం మీటింగులు కూర్చుని నేనే రాసేదాన్ని. ఒకే నీలం పెన్ను, ఒకే వాక్యం: "సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు." సార్, వాళ్లావిడ, వాళ్ల బావగారు, ఇద్దరు స్నేహితులు వీలున్నప్పుడు వచ్చి సంతకాలు పెట్టేవాళ్లు. అదే నెల గవర్నెన్స్ పేపరుకి ఆ పుస్తకమే తెమ్మన్నారు. మేడమ్ పేజీలు తిప్పి, "మూడేళ్లలో ఒక్కరికీ ఒక్క అనుమానమూ రాలేదా?" అని మాత్రం అడిగారు. నేను బల్ల కేసి చూస్తూ కూర్చున్నాను.

సార్‌తో చెప్పడానికి వారం పట్టింది. పాతవి ఉన్నవి ఉన్నట్టు ఆడిటర్‌కి చెప్పేద్దాం, ఇక మీద నిజంగా కూర్చుందాం అన్నాను. "నామీద నమ్మకం లేదా తల్లీ?" అన్నారు. ఉంది సార్, పుస్తకం మీదే లేదు అన్నాను. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే ఫోన్లు చేసి అందరినీ ఆదివారానికి పిలిచారు.

నా ఫైనల్ ప్రాజెక్టు ఆ మీటింగుకి వేసిన లెక్కే. ఒక పిల్లకి ఏడాదికి అసలు ఎంతవుతుంది, అద్దెతో, నాతో సహా. వైవా ఇరవై నిమిషాల్లో అయిపోయింది, మార్కులు ఫర్వాలేదు. ఆఫీసు ఖర్చుకి కంపెనీ 5 శాతం నుంచి 9కి వచ్చింది. నేను అడిగింది 14.

ఆ ఆదివారం మీటింగు మాత్రం మూడు గంటలు సాగింది. బావగారు కళ్లజోడు తుడుచుకుని "ఈ తరుగుదల అంటే ఏంటమ్మా, డబ్బు ఎటు పోయినట్టు?" అని మొదలుపెట్టారు. సార్ వాళ్లావిడ కొత్త సెంటరు ఇప్పుడే వద్దన్నారు, సార్ కావాలన్నారు, ఇద్దరి మాటలూ రాశాను. మధ్యలో పెన్నులో ఇంకు అయిపోయింది. బావగారు జేబులోంచి నల్ల పెన్ను తీసిచ్చారు.